గవ్వలరేవులో గంటసేపు వర్షాకాలం

గవ్వలరేవులో ఆ ఏడాది వర్షాకాలం నవంబరు ఒకటో తేదీన, సరిగ్గా ఆఫీసులు తెరిచే వేళకు ప్రారంభమయింది. ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. సముద్రం తళతళలాడుతోంది. ఇసుకలో పిల్లలు చొక్కాలు విప్పేసి పరుగులు పెడుతున్నారు. ఆ పిల్లల మధ్యనుంచి పరాంకుశం అనే ఉద్యోగి మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని, గొడుగు విప్పుకుని నడిచి వచ్చాడు. బీచ్ మధ్యలో నిలబడి, గొంతు సవరించుకుని, మైకులో జీవో చదివాడు. చదవడం పూర్తయిన క్షణం నుంచి అక్కడ వాన పడుతున్నట్టు లెక్క.

పరాంకుశం చెడ్డవాడు కాదు, తెలివితక్కువవాడు అంతకన్నా కాదు. పర్యాటక శాఖలో పాతికేళ్ళుగా పనిచేస్తూ, పైనుంచి ఏ కాగితం వచ్చినా కళ్ళకద్దుకుని అమలుచేసి, ఒక్క మెమో కూడా తీసుకోకుండా రిటైరవ్వాలన్నది అతని ఆశ. అలాంటివాడికి వానలు కురిపించే ఉద్యోగం ఎలా వచ్చిందో చెప్పాలంటే మంత్రిగారి బావమరిది దగ్గర మొదలుపెట్టాలి.

గవ్వలరేవు అంటే అందరికీ మోజే. చలికాలం వచ్చిందంటే ఊళ్ళన్నీ అక్కడికే బయలుదేరుతాయి. అక్కడికి ఎగిరేది ఒకే ఒక్క కంపెనీ, గోరింక ఎయిర్‌వేస్. చలికాలంలో దాని టికెట్టు ధర ఆకాశంలో ఉంటుంది. వానాకాలంలో అదే సీటుకి దాదాపు బస్సు చార్జీ ఇస్తే చాలు, పైగా పక్క సీటు ఖాళీగా ఉంటుంది, కాళ్ళు చాపుకోవచ్చు. డిసెంబరులో కుటుంబంతో బయలుదేరబోయిన మంత్రిగారి బావమరిదికి టికెట్టు ధర వినగానే కళ్ళు తిరిగాయి. అంత డబ్బు పెడితే సింగపూరు వెళ్ళవచ్చని ఎవరో అన్నారు. ఆయన పౌరుషం కొద్దీ సింగపూరు వెళ్ళి, అక్కడినుంచి బావగారికి ఫోను చేసి నిలదీశాడు.

వెంటనే పర్యాటక కమిషనర్ మేఘశ్యామ్ గారి అధ్యక్షతన సమావేశం జరిగింది. నిపుణులు వచ్చి, చలికాలంలో జనం ఎక్కువ సీట్లు తక్కువ కాబట్టి ధర పెరుగుతుందని, వానాకాలంలో జనం రారు కాబట్టి తగ్గుతుందని, బొమ్మలు గీసి మరీ చెప్పారు. ఇంకో రెండు విమానాలు వేయిస్తే సరిపోతుందని ఒకాయన అన్నాడు గాని, అంత చిన్న పరిష్కారానికి ఇంత పెద్ద సమావేశం ఎందుకని ఎవరూ పట్టించుకోలేదు.

"ఒక్క నిమిషం," అన్నారు మేఘశ్యామ్ గారు. "ధర దేన్నిబట్టి మారుతోంది?"

"ఋతువును బట్టి సార్."

"ధర కంపెనీ చేతిలో ఉంది. మరి ఋతువు ఎవరి చేతిలో ఉంది?"

ఎవరి చేతిలోనూ లేదని నిపుణులు మెల్లిగా ఒప్పుకున్నారు.

"ఎవరి అధీనంలోనూ లేని ఆస్తి ఎవరిది? ప్రభుత్వానిది!" అన్నారు కమిషనర్ గారు. బల్ల చుట్టూ చప్పట్లు మోగాయి.

అలా 'తీరప్రాంత ఋతు క్రమబద్ధీకరణ మండలి' పుట్టింది. నవంబరునుంచి ఫిబ్రవరి వరకు గవ్వలరేవులో వర్షాకాలమని మండలి తీర్మానించింది. ఖాళీ సీట్ల నష్టాన్ని ప్రభుత్వమే భరిస్తున్నందువల్ల, గోరింక కంపెనీ ఒప్పందంలో ధరలు 'ప్రభుత్వం గుర్తించిన ఋతువు'ను బట్టి ఉండాలనే షరతు ముందునుంచే ఉంది. కంపెనీ కిక్కురుమనలేదు. కాకపోతే తమ చలికాలం తమకు ఎక్కడో ఒకచోట ఇవ్వాలని అడిగింది. న్యాయమైన కోరికేనని జూన్‌నుంచి సెప్టెంబరు దాకా చలికాలం ఇచ్చేశారు. వీటిని అమలుపరచడానికి ఋతు అమలు అధికారిగా పరాంకుశాన్ని వేశారు.

బదిలీ కాగితం చూపించినప్పుడు అతని భార్య సువర్చల ఒకటే అడిగింది. "ఏమండీ, మనం వెళ్ళేది వానాకాలానికా, చలికాలానికా? ఏ బట్టలు సర్దను?"

"వానాకాలానికే," అన్నాడు పరాంకుశం. తర్వాత కొంచెం ఇబ్బందిగా, "ఎండ గట్టిగా ఉంటుంది," అన్నాడు.

సువర్చల నూలు చీరలు సర్దింది. పాతికేళ్ళ కాపురంలో ప్రభుత్వాన్ని అర్థం చేసుకునే ప్రయత్నం ఆమె ఎప్పుడో మానుకుంది.

నవంబరులో అంతా అద్భుతంగా సాగింది. విమానాలు కిటకిటలాడుతూ దిగాయి. గోరింక కంపెనీ ఊళ్ళో మేనేజరు మృదుల అనే ముప్ఫయ్యేళ్ళ అమ్మాయి. చురుకైన పిల్ల, నవ్వు మొహం. "సార్, మీరు మైకులో చదివి వచ్చేసరికి మా కంప్యూటరులో ధరలు పడిపోయాయి. మా కంప్యూటరుకి కిటికీ లేదు గదా, బయట ఎండో వానో దానికేం తెలుసు," అంది.

చిక్కంతా రెండో వారంనుంచి మొదలయింది. వర్షాకాలం అని జీవో వచ్చేసరికి మిగతా శాఖలకు తమ తమ వర్షాకాలపు నిబంధనలు గుర్తొచ్చాయి. రేవు శాఖవాళ్ళు వచ్చి బీచ్ పొడుగునా ఎర్రజెండాలు పాతి, నీళ్ళలోకి దిగకూడదన్నారు. షికారు పడవలన్నీ ఒడ్డుకెక్కించి తాళ్ళు కట్టించారు. విద్యాశాఖ వాన సెలవులు ఇచ్చింది. చవగ్గా విమానంలో వచ్చిన జనం, నున్నటి సముద్రం ముందు, మండుటెండలో, వాన తగ్గేదాకా ఎదురుచూస్తూ కూచున్నారు.

బీచ్ మొదట్లో పైడమ్మకు ఒక తోపుడుబండి ఉంది. ఎండల్లో కొబ్బరిబొండాలు, వానల్లో నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తులు అమ్ముతుంది. ఒకరోజు మునిసిపాలిటీవాళ్ళు, వర్షాకాలంలో చల్లటివి అమ్మి ప్రజలకు జలుబు చేయిస్తోందని ఆమె బొండాలు ఎత్తుకుపోయారు. ఆమె తిన్నగా పరాంకుశం ఆఫీసుకి వచ్చింది.

"ఏటి బాబూ ఇది? వోన ఎక్కడుంది? నాకు సూపించండి."

"జీవోలో ఉందమ్మా."

"ఆ జీవోలో తడిస్తే పొత్తులు కొంతారా జనం? ఈ ఎండలో కుంపటెట్టుకుని కూకుంటే ముందు నానే కాలిపోతాను."

పరాంకుశం ఆలోచించి ఆలోచించి, కొబ్బరిబొండంలో ఉండేది నిలవవున్న వాన నీరేనని, కనుక అది ఋతువుకు తగిన పదార్థమేనని కాగితం మీద రాసి, ముద్ర వేసి ఇచ్చాడు. మునిసిపాలిటీవాళ్ళు ఆ కాగితం చదివి నమస్కారం పెట్టి బొండాలు తిరిగి ఇచ్చేశారు. ఉద్యోగంలో చేరాక పరాంకుశం సొంతంగా రాసిన మొదటి కాగితం అదే. ఆ రోజు ఇంటికి వెళ్ళేటప్పుడు ఎందుకో అతని నడక తేలిగ్గా ఉంది.

డిసెంబరులో మండలి లెక్కలు అడిగింది. వర్షాకాలం ప్రకటించి నెల దాటినా వర్షపాతం సున్నా అని ఉందేమిటి, దీనికి బాధ్యులెవరు అని నిలదీసింది. పరాంకుశం కంగారుపడి, వాన పడలేదని తిరిగి రాశాడు. 'పడకపోవడానికి తీసుకున్న చర్యలు తెలుపవలెను' అని జవాబు వచ్చింది. చివరికి అగ్నిమాపక శాఖనుంచి ఒక ఫైరింజను తెప్పించి, రోజూ మధ్యాహ్నం బీచ్ మీద గొట్టాలతో నీళ్ళు చిమ్మించారు. పిల్లలకు పండగయింది. ఇంజను రాగానే ఊరి పిల్లలు, వచ్చినవాళ్ళ పిల్లలు, కొందరు పెద్దవాళ్ళు కూడా కేకలు వేస్తూ కింద చేరేవారు. వానకొలత గిన్నె నిండింది. జనవరిలో ఆడిట్‌వాళ్ళు వచ్చి, మంజూరైన దానికన్నా ఎక్కువ వాన కురిపించారని అభ్యంతరం రాసి వెళ్ళారు.

అదే నెలలో మేఘశ్యామ్ గారు తనిఖీకి వచ్చారు. ఆయన తల మీద ఒక బంట్రోతు గొడుగు పట్టాడు. మండుటెండలో ఆ గొడుగు కింద నడుస్తూ, "చూశారా పరాంకుశంగారూ, గొడుగు లేకపోతే ఒక్క అడుగు వెయ్యలేకపోయేవాణ్ణి. దీన్నిబట్టే తెలుస్తోంది మన వర్షాకాలం ఎంత పకడ్బందీగా అమలవుతోందో," అన్నారు. ఆ వాక్యమే తర్వాత మండలి వార్షిక నివేదికలో మొదటి పేజీలో అచ్చయింది.

జూన్ వచ్చింది. పరాంకుశం స్వెట్టరు తొడుక్కుని, మెడకు మఫ్లరు చుట్టుకుని, జోరున కురుస్తున్న వానలో నిలబడి చలికాలం ప్రారంభించాడు. జీవో కాగితం చేతిలోనే తడిసి ముద్దయిపోయింది. సగం అతనికి కంఠతా వచ్చు కాబట్టి సరిపోయింది.

ఆ సాయంత్రానికే గోరింక ధరలు ఆకాశానికి ఎగిరాయి. విమానాలు ఖాళీగా దిగసాగాయి. దిగినవాళ్ళు కూడా వేరే ఊరికి వెళ్ళబోయి పొరపాటున ఎక్కినవాళ్ళే. చలికాలంలో గొడుగులు వేసుకుంటే ఋతువును అవమానించినట్టవుతుందని మండలి వాటిని నిషేధించింది. వాన అనే మాట రికార్డుల్లోకి రాకూడదు కనుక, దాన్ని 'దట్టమైన మంచు' అని రాయమన్నారు. పైడమ్మ హాయిగా పొత్తులు కాల్చుకునేది. కొనేవాళ్ళే లేరు.

"ఈ మంచుకి మా ఇంటి కప్పు ఉరిసిపోతంది బాబూ," అందొకనాడు పరాంకుశంతో. ఆమె నవ్వింది గాని, అతను నవ్వలేకపోయాడు.

చలికాలంలో గవ్వలరేవు విమానాలు ఖాళీగా ఉన్నాయని పత్రికల్లో వస్తే మండలి పరువేం కాను? అందుకని సెప్టెంబరు చివర్లో 'శీతాకాల సాగర సంబరాలు' జరపాలని నిర్ణయించారు. ప్రతి ఆఫీసునుంచి ఉద్యోగులు కుటుంబాలతో స్వచ్ఛందంగా హాజరు కావాలని, రానివారిపై చర్య తీసుకుంటామని సర్క్యులర్ వెళ్ళింది. వెళ్ళే టికెట్టు ప్రభుత్వమే ఇచ్చింది. తిరిగివచ్చే టికెట్టు ఎవరిది వారే కొనుక్కోవాలి, అదీ చలికాలపు ధరకు. దాంతో గవ్వలరేవులో దిగిన ప్రతి ఉద్యోగీ సముద్రం వైపు చూడకుండా, వెనక్కి ఎలా వెళ్ళాలా అని లెక్కలు వేసుకుంటూ తిరిగాడు.

సంబరాల నాటి ఉదయం వాతావరణ కేంద్రంనుంచి తుఫాను హెచ్చరిక వచ్చింది. మధ్యాహ్నానికి తీరం దాటుతుందని, సముద్రం ముందుకు వస్తుందని, ఒడ్డున ఎవరూ ఉండకూడదని అందులో ఉంది. పరాంకుశం ఆ కాగితం పట్టుకుని గెస్ట్‌హౌసుకి పరుగెత్తాడు. మేఘశ్యామ్ గారు ఉన్ని కోటు తొడుక్కుంటున్నారు. చెమటలు కక్కుతున్నారు.

"తుఫానా?" అన్నారాయన. "చలికాలంలోనా? మీరు బాధ్యత గల అధికారి అయివుండి ఇలా మాట్లాడితే ఎలా? మన ఋతు క్యాలెండరు ప్రకారం ఇది జనవరితో సమానం. ఈ హెచ్చరికను 'ఈ కార్యాలయ పరిధిలోకి రాదు' అని రాసి వాపసు చెయ్యండి."

"సార్, మూడువేల మంది దాకా ఇసుకలో కూచున్నారు. పిల్లలున్నారు."

"చల్లగాలి వీస్తే ఆస్వాదించమనండి. మంత్రిగారు వస్తానన్నారు. ఇప్పుడు రద్దు చేస్తే చలికాలం లేదని మనమే ఒప్పుకున్నట్టు."

మంత్రిగారి తరఫున అప్పటికే ఆయన బావమరిది వచ్చి మొదటి వరుసలో సోఫాలో కూచున్నాడు. మంత్రిగారు మాత్రం హెచ్చరిక చదివి రాజధానిలోనే ఉండిపోయారు.

పరాంకుశం బీచ్‌కి వచ్చేసరికి, పొద్దున్నుంచి పడుతున్న వానకు తోడు గాలి ఊపందుకుంది. వేదిక మీది రేకులు టపటపా కొట్టుకుంటున్నాయి. అలలు కుర్చీల దగ్గరికి వచ్చి వెళ్తున్నాయి. వేదిక కింద, నీటికి బాగా దగ్గరగా, ఉద్యోగుల భార్యలు స్వెట్టర్లు వేసుకుని బృందగానానికి సిద్ధంగా నిలబడ్డారు. వాళ్ళలో సువర్చల ఉంది. తడిసిన స్వెట్టరు బరువుకి భుజాలు వంగిపోయి, భర్తను చూసి చేయి ఊపింది. అంతవరకు పరాంకుశానికి తుఫాను ఒక కాగితం. ఇప్పుడు అది అతని భార్యకు నాలుగడుగుల దూరంలో ఉంది.

పైడమ్మ బండిని తాడుతో లాక్కుంటూ ఎదురొచ్చింది. "మావోలందరం తుఫాను బిల్డింగుకి ఎలిపోతన్నాం బాబూ. పడవలు కూడా పైకి లాగీసినారు. మరి ఈ జనాన్నేటి సేస్తారు?"

పరాంకుశం ముందు వరుసల్లోకి దూరాడు. ఒక పెద్దమనిషిని భుజం తట్టి, తుఫాను వస్తోంది, లేచి వెళ్ళండి అన్నాడు.

"నాకూ కళ్ళున్నాయండీ, కనబడుతోంది," అన్నాడాయన చలికి వణుకుతూ. "కానీ హాజరు సంతకాలు సంబరాలు పూర్తయ్యాకే గదా తీసుకునేది. ఇప్పుడు లేస్తే రాలేదని రాస్తారు. ఏడాదిలో రిటైరవుతున్నాను, నాకెందుకొచ్చిన గొడవ."

పక్కాయనా అదే అన్నాడు. వెనకాయనా అదే. పరాంకుశం వాళ్ళ మొహాలు చూస్తూ నిలబడిపోయాడు. అతనికి కోపం రాలేదు. ఎందుకంటే ఆ కుర్చీలో తను ఉంటే తనూ అదే జవాబు చెప్పేవాడు. ప్రాణం పోతుందంటే లేవని మనిషి దేనికి లేస్తాడు? రెండు రోజులుగా వీళ్ళు దేన్ని గురించి మాట్లాడుకుంటున్నారు?

అతను వేదిక వెనక్కి వెళ్ళి మృదులకు ఫోను చేశాడు.

"మృదులగారూ, ఋతువు మారితే మీ కంప్యూటరులో ధర ఎంతసేపట్లో మారుతుంది?"

"మీరు మెయిల్ పెట్టగానే మారుతుంది సార్. కానీ ఈ గాలిలో విమానాలేమీ ఎగరవు."

"ఎగరక్కర్లేదు. తుఫాను తగ్గాక ఎగిరే వాటికి టికెట్లు అమ్మగలరా?"

"అమ్మగలను. చాలకపోతే ఇంకో విమానం తెప్పిస్తాను."

"మీ విమానాశ్రయం భవనం గట్టిదేనా?"

మృదుల గొంతు మారింది. "కొండ మీద ఉంది సార్. గట్టిది. అందరికీ చోటు సరిపోతుంది. తలుపులు తీయించి పెడతాను. ఒక్క మాట, కౌంటరు దగ్గరికి స్వయంగా వచ్చినవాళ్ళకే ఇస్తామని చెప్పండి. కుటుంబంతో సహా రావాలని చెప్పండి."

వేదిక మీద మేఘశ్యామ్ గారు నిర్మలమైన ఆకాశాన్ని గురించి ప్రసంగిస్తున్నారు. ఆయన కళ్ళద్దాల మీదనుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. పరాంకుశం మెట్లెక్కి, నమస్కారం పెట్టి, ఆయన ముందునుంచి మైకు తీసుకున్నాడు. గొంతు పాతికేళ్ళ అలవాటు కొద్దీ ఖంగుమంది.

"ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఋతు అమలు నియమావళి నాలుగవ నియమం కింద నాకు సంక్రమించిన అధికారాలను పురస్కరించుకొని, ఈ క్షణంనుంచి ఒక గంటసేపు గవ్వలరేవులో వర్షాకాలం ప్రకటిస్తున్నాను. ఈ గంటలో విమానాశ్రయం కౌంటరుకు కుటుంబ సమేతంగా స్వయంగా హాజరైన వారికి తిరుగు ప్రయాణపు టికెట్లు వర్షాకాలపు ధరకు ఇవ్వబడును. గంట దాటిన పిమ్మట చలికాలపు ధరలే వర్తించును."

మూడువేల కుర్చీలు ఒక్కసారి వెనక్కి పడ్డాయి. ఏడాదిలో రిటైరవబోయే పెద్దమనిషి మనవరాలిని భుజాన వేసుకుని కొండ రోడ్డు పట్టాడు. బృందగానం స్వెట్టర్లు విప్పి పారేసి పరుగు లంకించుకుంది. అందరికన్నా ముందు, చెప్పులు చేత పట్టుకుని, మంత్రిగారి బావమరిది ఉన్నాడు.

"ఎవరి అనుమతితో!" అని మేఘశ్యామ్ గారు కేక వేశారు.

"నాలుగో నియమం సార్. అవసరమైతే ఋతు అమలు అధికారి గంట వరకు ఋతువును సడలించవచ్చు. మీరు రాసిందే."

"అది ప్రముఖుల రాకపోకల సౌకర్యం కోసం రాశానయ్యా!"

"ప్రముఖులు కూడా వెళ్తున్నారు సార్," అని పరాంకుశం రోడ్డు వైపు చూపించాడు.

మేఘశ్యామ్ గారు అటు చూశారు. ఇంతలో వేదిక మీది రేకు ఒకటి లేచి, ఆయన తల మీదుగా గిరగిరా తిరుగుతూ వెళ్ళి సముద్రంలో పడింది. ఆయన కోటు గుండీలు విప్పుకున్నారు. "నాకూ తిరుగు టికెట్టు బుక్ చెయ్యలేదయ్యా మావాళ్ళు," అన్నారు చిన్నగా. పరాంకుశం ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు.

ఆఖరి మనిషి కొండ ఎక్కేసరికి బీచ్ లేదు. కుర్చీలు లేవు, వేదిక లేదు. వాటి చోట బురద రంగు నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. విమానాశ్రయంలో మనుషులు భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు. ఎవరికీ ఏమీ కాలేదు. పెద్దమనిషి టికెట్టు చేతిలో పట్టుకుని, కిటికీలోంచి కిందికి చూసి, అక్కడే నేల మీద కూలబడ్డాడు. ఆయన భార్య వీపు నిమిరింది. తుఫాను బిల్డింగులో జాగా చాల్లేదని పైడమ్మ కూడా కొండెక్కి వచ్చింది. బండి పోయింది గాని కుంపటీ, బస్తాడు పొత్తులూ మిగిలాయి. వరండాలో కుంపటి రాజేసి, ఏడుస్తున్న పిల్లలందరికీ పొత్తులు కాల్చి ఊరికే ఇచ్చింది.

సువర్చల జనంలోంచి దారి చేసుకుని వచ్చి భర్త పక్కన కూచుంది. ఆమె తడి కొంగుతోనే అతని తల తుడిచింది.

"మెమో ఇస్తారేమో సువర్చలా," అన్నాడతను.

"ఇస్తే తీసుకుందాం. ఇన్నేళ్ళలో ఒక్కటైనా లేకపోతే ఎలా," అందామె.

మెమో పది రోజుల్లోనే వచ్చింది. అతను మంజూరు చేసిన వాన గంటసేపే అయివుండగా, అది మర్నాటి దాకా కురిసినందుకు, ఆ అదనపు వానకు బాధ్యత ఎందుకు వహించరాదో సంజాయిషీ ఇవ్వమని దాని సారాంశం. పరాంకుశం జవాబు రాసేలోపే రాజధానికి రమ్మని కబురు వచ్చింది.

భయపడుతూ వెళ్ళిన పరాంకుశానికి మేఘశ్యామ్ గారు ఎదురొచ్చి కుర్చీ చూపించారు. టీ తెప్పించారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"ఆ మెమో సంగతి మరిచిపోండి. మండలి మొత్తం పరిశీలించింది. ఏడాదిపాటు మనం ఎన్ని జీవోలు ఇచ్చినా ప్రకృతి ఖాతరు చెయ్యలేదు. మీరు వర్షాకాలం అన్నారు, గంట తిరక్కుండా బ్రహ్మాండమైన వాన! ప్రభుత్వ ఉత్తర్వును వర్షం శిరసావహించడం చరిత్రలో ఇదే మొదటిసారి. కరువు జిల్లాకి మిమ్మల్ని ప్రత్యేక వర్ష అధికారిగా ప్రమోషన్ మీద పంపుతున్నాం. మీ ప్రకటనవల్లే వాన పడిందని ఇక్కడ ఒక్క సంతకం పెట్టండి."

పరాంకుశం పెన్ను తీసుకున్నాడు. ప్రమోషనంటే అతనికీ ఇష్టమే. పాతికేళ్ళు దానికోసమే తల వంచుకు నడిచాడు. కానీ ఆ కరువు జిల్లాలో తను దిగగానే, పైకి చూసే మనుషుల మొహాలు అతని కళ్ళముందు కదిలాయి. వాళ్ళకు జీవో చదివి వినిపించడం తనవల్ల కాదనిపించింది. పెన్ను కింద పెట్టేశాడు.

"వాన నా మాట వినలేదు సార్. అది పొద్దున్నుంచీ వస్తూనే ఉంది. నా మాట విన్నది మనుషులు."

"వినయం మంచిదే..."

"వినయం కాదు సార్."

మేఘశ్యామ్ గారు ఆ కాగితం తన వైపు తిప్పుకుని, 'నా పర్యవేక్షణలో' అనే మాట చేర్చి, తానే సంతకం పెట్టుకున్నారు. నెల తిరిగేలోపు ప్రత్యేక వర్ష కమిషనరుగా ఆయనే కరువు జిల్లాకు వెళ్ళారు. పరాంకుశానికి ఒక ఇంక్రిమెంటు కోసి గవ్వలరేవులోనే ఉంచారు. ఋతు మండలిని ఎత్తేశారు. ఋతువులను ప్రజలకు తిరిగి అప్పగిస్తున్నట్టు మంత్రిగారు ప్రకటించి సన్మానం చేయించుకున్నారు. గోరింక ధరలు డిసెంబరులో మళ్ళీ మండిపోయాయి, వానలు రాగానే మళ్ళీ పడిపోయాయి.

జూలైలో ఒక సాయంత్రం పరాంకుశం, సువర్చల బీచ్‌లో పైడమ్మ కొత్త బండి దగ్గర టార్పాలిన్ కింద కూచుని ఉన్నారు. నిజమైన వానాకాలంలో నిజమైన వాన పడుతోంది. చవక టికెట్లకు ఆశపడి వచ్చిన కొత్త దంపతులు గొడుగు పక్కన పడేసి తడుస్తున్నారు. అప్పుడు ఫోను మోగింది. మేఘశ్యామ్ గారు.

"పరాంకుశంగారూ, ఇక్కడ నిప్పులు చెరుగుతోందయ్యా. వచ్చినప్పటినుంచి రోజూ ప్రకటిస్తున్నాను. చినుకు లేదు. జనం నన్ను చూసి నవ్వుకుంటున్నారు. నిజం చెప్పండి, ఆ రోజు మీరు చదివిన మాటలు ఉన్నవి ఉన్నట్టు ఏమిటి?"

"గంటసేపు వర్షాకాలం అన్నాను సార్."

"అది నేనూ అంటున్నాను. తర్వాత?"

"విమానాశ్రయం కౌంటరులో టికెట్లు తక్కువ ధరకు ఇస్తారని అన్నాను."

అవతల పొడిగాలికి కిటికీ తలుపు కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. తర్వాత కమిషనర్ గారు ఎవరితోనో గట్టిగా అంటున్నారు. "లోపం ఎక్కడుందో ఇప్పుడు తెలిసింది. ఈ జిల్లాకి విమానాశ్రయమే లేదు! ముందు దాని ఫైలు మొదలుపెట్టండి."